బస్రా వెళ్లిన తాత, రంగంలో పోయిన చిన్నతాత: మీ ఇంటి సిపాయిని వెతకడం ఎలా?

"మా ముత్తాత జర్మనీ యుద్ధానికి వెళ్లాడట" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడో అని ఉంటారు. మాట అక్కడితో ఆగిపోయి ఉంటుంది. ఏ పటాలం, ఏ దేశం, ఏ సంవత్సరం అని అడిగితే ఎవరికీ తెలియదు. గోదావరి డెల్టాలో ఇలాంటి ఇళ్లకు కొదవ లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి 'మిలటరీ మాధవరం' అన్న పేరే స్థిరపడింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరు తరతరాలుగా సైన్యంలోకి మనుషుల్ని పంపుతోంది. అక్కడివాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ, వాళ్లకు పటాలాల పేర్లు నోటికి వచ్చు. ఇది మిగతా ఊళ్లవాళ్ల కోసం రాస్తున్నాను. ఊరి నుంచి ఒక్కరో ఇద్దరో వెళ్లి, వాళ్లలో ఒకరు తిరిగి రాక, ఆ వచ్చినాయన కూడా పెద్దగా నోరు విప్పక, కథ చేతికి అందకుండా పోయిన ఇళ్ల కోసం.

మా తాతయ్య తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధంలో పోయాడు. 'రంగంలో పోయాడు' అనేది మా ఇంట్లో మాట. రంగం అంటే బర్మాలోని రంగూన్, ఇప్పటి యాంగోన్. ఆయన కోసం నేను ఆరేళ్లు వెతికాను. అందులో నాలుగేళ్లు తప్పు చోట, తప్పు పేరుతో వెతికాను. ఆ నాలుగేళ్లు మీకు మిగలాలని ఈ పద్ధతి చెబుతున్నాను.

ముందు అటక ఎక్కండి

చాలామంది మొదట కంప్యూటర్ ముందు కూర్చుంటారు. వద్దు. సైన్యం దృష్టిలో మనిషంటే ముందు ఒక నంబరు, తర్వాత హోదా, తర్వాత పటాలం, ఆఖరున పేరు. పేరొక్కటే పట్టుకుని వెళితే మీ వెంకన్న వంటి వెంకన్నలు వందమంది ఎదురవుతారు. నంబరు, పటాలం దొరికితే పని సగం అయిపోయినట్టే. అవి దొరికేది ఇంట్లోనే.

నల్ల ట్రంకు పెట్టె ఉందేమో చూడండి. సిపాయిలు పెట్టె మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు, పటాలం పొడి అక్షరాలు రాయించుకునేవారు. తర్వాత ఎవరో దాని మీద ఆకుపచ్చ రంగు వేసి, బియ్యం పోసుకుని ఉంటారు. రాత్రిపూట దీపాలు ఆర్పి, టార్చి లైటును మూతకు ఏటవాలుగా పట్టి చూడండి. పాత రంగు మందం నీడగా తేలుతుంది. మా పెట్టె మీద నాలుగు అంకెలు అలాగే బయటపడ్డాయి.

పతకాలుంటే అదృష్టం. చాలా ఇళ్లలో వెండి పతకం కరిగి పట్టీలైపోయింది. మిగిలి ఉంటే బొమ్మ వైపు కాదు, గుండ్రటిదైతే అంచు, నక్షత్రం ఆకారంలో ఉంటే వెనక వైపు చూడండి. నాణెం గరుకు అంచులాంటి చోటో, నక్షత్రం వెనకో నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు పేర్లు లేని పతకాలు ఇచ్చారు. మనవాళ్లకు ఇచ్చినవాటి మీద పేర్లు చెక్కారు, ఆ ఒక్క విషయంలో మనకే మేలు జరిగింది. ఒక హెచ్చరిక: చింతపండు పెట్టి తోమకండి. మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చాలు, చేతులు ఊరుకోవు. రెండు పండగలకు తోమితే ఆ సన్నటి అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, అంచును నాలుగు వైపుల నుంచీ ఫోనుతో ఫోటోలు తీయండి.

పతకాన్ని బట్టి మనిషి ఎక్కడ తిరిగాడో కొంత తెలుస్తుంది. బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ పేర్లలోనే దేశం ఉంది. మొదటి యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ మామూలుగా వెండిది. అదే మెడల్ కంచుది అయితే ఆయన కూలీ దళంలోనో, పటాలం వెంట వెళ్లిన వంటవాడు, చాకలి, బరువులు మోసే మనిషిగానో పని చేసి ఉంటాడు. ఇంట్లో 'సుబేదారు' అని చెప్పుకున్న పెద్దాయన అంచు మీద అలా కనిపిస్తే చిన్నబుచ్చుకోకండి. మెసపటోమియా (ఇప్పటి ఇరాక్) ఎండలో మూటలు మోసిన మనిషి కూడా యుద్ధానికి వెళ్లినవాడే. ఇక అరచేయంత, అంటే దాదాపు 12 సెంటీమీటర్ల గుండ్రటి కంచు ఫలకం మీద సింహం, త్రిశూలం పట్టిన స్త్రీ, పక్కన హోదా లేకుండా ఒట్టి పేరు ఉంటే, అది మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇచ్చింది. దాన్ని మూకుడు మీద మూతగా వాడిన ఇల్లు ఒకటి నేను చూశాను.

కాగితాల్లో ముఖ్యమైనది డిశ్చార్జి సర్టిఫికెట్. తండ్రి పేరు, ఊరు, తాలూకా, కులం, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చలు, చేరిన తేదీ, వదిలిన తేదీ, నడవడి అన్నీ అందులో ఉంటాయి. వయసును మాత్రం నమ్మకండి. చేర్చుకునేటప్పుడు చూపుతో అంచనా వేసి రాసిన అంకె అది. కొన్ని కాగితాలు, ఉత్తరాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి గానీ చదివితే ఒక్క ముక్క అర్థం కాదు. కంగారు పడకండి, అది ఇంగ్లీషు కాదు. ఇంగ్లీషు లిపిలో రాసిన ఉర్దూ, అప్పటి సైన్యం భాష. హైదరాబాదులో చదువుకున్న మిత్రుడు ఎవరైనా గట్టిగా చదివితే విప్పేస్తాడు. కవరు మీద 'ఎఫ్.పి.ఓ.' అని నంబరుతో ముద్ర ఉంటే అది యుద్ధభూమి తపాలా కార్యాలయం గుర్తు. ఆ నంబరు ఏ నెలలో ఎక్కడ ఉండేదో తపాలా చరిత్ర సేకరించేవాళ్ల జాబితాల్లో దొరుకుతుంది.

ఫోటోను చట్రం నుంచి లాగకండి. డెల్టా చెమ్మకు ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది, లాగితే ముఖం అద్దంతో పాటే వస్తుంది. వెనక అట్ట తీసి, స్టూడియో ముద్ర ఉందేమో మాత్రం చూడండి. భుజం మీది ఇత్తడి అక్షరాలు, టోపీ, బెల్టు బిళ్ల విడివిడిగా పెద్దవి చేసి ఫోటో తీసి పెట్టుకోండి.

తర్వాత పెద్దవాళ్లను అడగండి, కానీ నేరుగా కాదు

"ఏ రెజిమెంటు, నాయనమ్మా?" అని అడిగితే ఆవిడ "నాకేం తెలుసురా" అంటుంది. "మనియార్డరు ఏ ఊరి నుంచి వచ్చేది? సెలవుకు వచ్చినప్పుడు ఏ స్టేషనులో దిగేవాడు? ఏం తెచ్చేవాడు?" అని అడగండి. మా మేనత్తకు పటాలం పేరు తెలియదు గానీ, చిన్నతాత ఉత్తరాల మీద బెంగుళూరు పేరు ఉండేదని తెలుసు. అది చాలా పెద్ద ఆధారమని నాకు తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. బెంగుళూరు అంటే మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్ కావచ్చు. వంతెనలు కట్టి, మందుపాతరలు పేల్చి, దారులు వేసే దళం అది. ఊటీ దగ్గరి వెల్లింగ్టన్ పేరు వినిపిస్తే మద్రాసు రెజిమెంటు. 'బస్రా' అంటే మొదటి యుద్ధం నాటి మెసపటోమియా, అంటే ఇప్పటి ఇరాక్.

సంవత్సరం అడగకండి, దేని ముందు, దేని తర్వాత అని అడగండి. కాకినాడ మీద జపాను బాంబులు పడినప్పటికి ఆయన ఇంట్లో ఉన్నాడా? అది 1942 ఏప్రిల్ 6. యాభైమూడు (1953) గోదావరి వరదకు పెన్షను వస్తోందా? తెలుగు సంవత్సరాల పేర్లు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఆనంద 1914లో, కాళయుక్తి 1918లో మొదలయ్యాయి. రెండో యుద్ధానికి ప్రమాది 1939, చిత్రభాను 1942, తారణ 1944, పార్థివ 1945. ఉగాదికి ముందు నెలలు తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలోకి వస్తాయని గుర్తుంచుకోండి.

ఒక పెద్ద ఉచ్చు ఇక్కడే ఉంది. మన జిల్లాల నుంచి కాకినాడ ఓడ ఎక్కి రంగం వెళ్లినవాళ్లు వేలమంది. రేవులో కూలీలుగా, బియ్యం మిల్లుల్లో, పడవల మీద పని చేశారు. 1942లో జపానువాళ్లు బర్మాలోకి రాగానే అడవుల వెంట నడిచి వస్తూ దారిలోనే పోయినవాళ్లున్నారు. ఇళ్లలో ఆ చావు కూడా 'బర్మా యుద్ధంలో పోయాడు' అనే మాటగానే మిగిలింది. అందుకని యూనిఫారం ఫోటో, మనియార్డరు, పెన్షను, తంతి వీటిలో ఒక్కటైనా జ్ఞాపకంలో ఉందో లేదో చూసుకోండి. ఏదీ లేకపోతే ఆయన సిపాయి కాకపోవచ్చు. సైన్యం రికార్డుల్లో ఎన్నేళ్లు వెతికినా దొరకడు.

తద్దినం పెట్టే ఇళ్లలో తిథి ఒక రికార్డే. సంవత్సరం తెలిస్తే తిథిని ఇంగ్లీషు తేదీలోకి మార్చవచ్చు, పాత పంచాంగాలు ఇప్పుడు కంప్యూటర్‌లో కూడా దొరుకుతున్నాయి. అయితే తిథి పోయిన రోజుదా, కబురు అందిన రోజుదా అన్నది అడిగి తెలుసుకోండి. ఏ తిథీ తెలియక మహాలయ అమావాస్య నాడు పెడుతుంటే, మనిషి ఎప్పుడు పోయాడో ఇంటికి అసలు తెలియలేదని అర్థం. క్రైస్తవ కుటుంబాలైతే చర్చి రిజిస్టర్లు చూడండి. కాకినాడ బాప్టిస్టు మిషను, రాజమండ్రి లూథరన్ మిషను, నరసాపురం వైపు గోదావరి డెల్టా మిషను పెళ్లిళ్లు, బాప్తిస్మాలు రాసి పెట్టాయి. బాప్తిస్మంలో పేరు మారి ఉంటే, సైన్యంలో చేరింది పాత పేరుతోనా కొత్త పేరుతోనా అన్నది అక్కడే తేలుతుంది.

పేరు విప్పడం, జిల్లా సరిచూడడం

నా నాలుగేళ్లు పోయింది ఇక్కడే. మన ఇంటిపేరు ముందు వస్తుంది. పటాలం గుమస్తాకు ఆ లెక్క తెలియదు. కొందరికి ఇంటిపేరు తీసేసి ఒట్టి పేరు రాశాడు. కొందరికి తండ్రి పేరును ఇంటిపేరు చేశాడు. నేను ఇంటిపేరుతోనే వెతికాను. మా చిన్నతాత రికార్డులో ఆయన ఒట్టి పేరుతో ఉన్నాడు, మా ఇంటిపేరు ఎక్కడా లేదు.

స్పెల్లింగు ఇంకో తలనొప్పి. వెంకయ్య చివర ఇంగ్లీషులో రెండు 'వై'లు ఉండొచ్చు, పాత మద్రాసు పద్ధతిలో 'ఐ, ఏ, హెచ్' ఉండొచ్చు. సత్తియ్య, సత్యం, సత్యనారాయణ ఒకరే కావచ్చు. 'స్వామి' చివర 'ఐ'నో 'వై'నో. కాగితం మీద మీ పూర్వీకుడి పేరుకు కనీసం పది ఇంగ్లీషు రూపాలు రాసుకుని, ఒక్కొక్కటే కొట్టేస్తూ వెళ్లండి.

జిల్లా పేరు కాలాన్ని బట్టి మారుతుంది, ఇది చాలామంది చూసుకోరు. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలు గోదావరి జిల్లా నుంచి కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా అక్కడే ఉన్నాయి. అంటే మొదటి యుద్ధానికి వెళ్లిన భీమవరం మనిషి రికార్డులో 'కిస్ట్నా' జిల్లావాడు. ఆయన కొడుకు రెండో యుద్ధానికి వెళితే 'వెస్ట్ గోదావరి' వాడు. అమలాపురం, రామచంద్రపురం మొదట 'గోదావరి', తర్వాత 'ఈస్ట్ గోదావరి'. కాకినాడ 'కోకనాడ', ఏలూరు 'ఎల్లోర్'. 2022లో వచ్చిన కొత్త జిల్లాల పేర్లు పెట్టి వెతికితే ఏమీ రాదు.

చనిపోయినవాళ్లయితే

విచిత్రమే గానీ, తిరిగి రానివాళ్లను వెతకడమే తేలిక. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని 1917లో పుట్టిన సంస్థ ఒకటి ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది పేర్లు వాళ్ల వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. ఆఖరి తేదీలు చూసుకోండి: మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, రెండోదానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా. యుద్ధం ముగిశాక ఆసుపత్రిలో పోయిన సిపాయి పేరు కూడా ఉండవచ్చు.

పేరుతో మొదలుపెట్టకండి, తలకిందులుగా వెతకండి. వివరంగా వెతికే పేజీలో ఇండియన్ సైన్యం ఎంచుకుని, అదనపు సమాచారం అనే గడిలో జిల్లా పేరో ఊరి పేరో కొట్టండి. మన సిపాయిల్లో చాలామందికి, ముఖ్యంగా రెండో యుద్ధం వాళ్లకు, ఆ గడిలో "ఫలానా వారి కుమారుడు, ఫలానా ఊరు, ఈస్ట్ గోదావరి" అన్నట్టు ఉంటుంది. భార్య పేరు కూడా రాసినవి ఉన్నాయి. ఊరి స్పెల్లింగు కూడా నాలుగు రకాలుగా ప్రయత్నించండి. వచ్చిన జాబితా మొత్తం దించుకుని, తండ్రి పేరు సరిపోయినవాడిని పట్టుకోండి. నేను ఆరో ఏట ఈ పద్ధతిలో మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి చిన్నతాత దొరికాడు.

అప్పుడు రెండో పొరపాటు చేశాను. రికార్డులో 'రంగూన్ మెమోరియల్' అని కనిపించగానే ఇంట్లో మాట నిజమేనని అందరికీ ఫోను చేసి చెప్పాను. పేరు ఉన్న చోటు, మనిషి పోయిన చోటు ఒకటి కాదు. యాంగోన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న ఆ స్మారకం మీద, బర్మా, అస్సాం పోరుల్లో చనిపోయి సమాధి తెలియని దాదాపు 27 వేల మంది పేర్లు చెక్కారు. మా చిన్నతాత చనిపోయింది 1944 మేలో. ఆ రోజుల్లో ఆయన దళం ఇంఫాల్ దగ్గర ఉంది. రంగూన్ అప్పటికి ఇంకా ఏడాదిపాటు జపాను చేతిలోనే ఉంది. ఆయన అక్కడికి చేరలేదు, ఆయన పేరే చేరింది.

హిందూ సిపాయిలకు దహనం జరిగేది కాబట్టి సమాధి రాయి కోసం ఎదురుచూడకండి. గోడ మీద పేరు, లేదా దహన స్మారకం మీద పేరు ఉంటుంది. మొదటి యుద్ధంలో ఫ్రాన్సులో పోయినవాళ్లకు నవ్ షాపెల్ స్మారకం, మెసపటోమియాలో పోయినవాళ్లకు బస్రా స్మారకం. బస్రా గోడ మీద భారతీయ అధికారుల పేర్లే చెక్కి, మామూలు సిపాయిలను పటాలానికి ఇంతమంది అని అంకెలతో సరిపెట్టారు. ఆ వివక్షను కమిషన్ తానే 2021లో ఒక నివేదికలో ఒప్పుకుంది. గోడ మీద లేనంత మాత్రాన రికార్డులో లేడని కాదు, వెబ్‌సైటులో వెతకండి. మనకు దగ్గరలో చూడగలిగింది చెన్నైలోని మద్రాస్ వార్ సెమెటరీ. మొదటి యుద్ధంలో పోయి, భారతదేశంలోనే ఎక్కడెక్కడో పూడ్చిన వెయ్యిమందికి పైగా పేర్లు అక్కడి స్మారకం మీద ఉన్నాయి.

1947 తర్వాతి యుద్ధాలకు దారి సులువు. 2019లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం పేర్లన్నీ కంప్యూటర్‌లో వెతుక్కోవచ్చు.

తిరిగి వచ్చినవాళ్లయితే

రెండో యుద్ధంలో భారత సైన్యంలో చేరినవాళ్లు దాదాపు 25 లక్షలు, చనిపోయినవాళ్లు 87 వేలు. అంటే మీ పెద్దాయన బతికి వచ్చినవాడు అయ్యే అవకాశమే ఎక్కువ. అక్కడే చిక్కు. వాళ్ల సర్వీసు కాగితాలు లండన్‌లో ఉంటాయని చాలామంది అనుకుంటారు. అక్కడి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు ఉన్న మాట నిజమే, కానీ వ్యక్తిగత సర్వీసు కాగితాలు ఎక్కువగా తెల్ల అధికారులవి. మామూలు సిపాయిల కాగితాలు ఇక్కడే, ఆయా దళాల రికార్డు ఆఫీసుల్లో ఉండిపోయాయి. మొదటి యుద్ధానికి వెళ్లిన పంజాబీల రిజిస్టర్లు లాహోరు మ్యూజియంలో దొరికాయని 2021లో పెద్ద వార్త వచ్చింది, మూడు లక్షలకు పైగా పేర్లు. అవి పంజాబువి మాత్రమే, మనకు అలాంటిది లేదు.

రాయవలసిన చోట్లు ఇవి. మద్రాసు రెజిమెంటుకు వెల్లింగ్టన్. శాపర్లకు బెంగుళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. రవాణా, రేషను చూసే సర్వీస్ కోర్ దక్షిణాది వాళ్లకూ, కూలిపనులు చేసే పయనీర్ దళానికీ బెంగుళూరే. ఆయుధ సామగ్రి చూసే ఆర్డ్‌నెన్స్, వాహనాల మరమ్మతు దళాలకు సికింద్రాబాదు. ఫిరంగి దళానికి నాసిక్ రోడ్. సిగ్నల్స్‌కు జబల్‌పూర్. వైద్య దళానికి లక్నో. నావికులకు ముంబయి, విమాన దళానికి ఢిల్లీ. రెండో యుద్ధంలో మద్రాసు కాల్బలం చిన్నది, మనవాళ్లు ఎక్కువగా శాపర్లలో, సర్వీస్ కోర్‌లో, పయనీర్లలో కనిపిస్తారు. పటాలం తెలియకపోతే ముందు బెంగుళూరుతో మొదలుపెట్టండి.

ఉత్తరంలో నంబరు, పేరు అన్ని స్పెల్లింగులతో, తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా, పాత జిల్లా, చేరిన, వదిలిన సంవత్సరాలు అంచనాగానైనా రాయండి. మీరు ఆయనకు ఏమవుతారో చూపించే కాగితాలు, అంటే వంశవృక్షం ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, నకళ్లు జతచేయండి. మామూలు ఉత్తరానికి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

జవాబు "రికార్డులు ధ్వంసం చేశాం" అని వస్తుంది. నాకూ ఒక ఆఫీసు నుంచి మూడుసార్లు అదే వచ్చింది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పెన్షను లేకుండా వెళ్లిపోయినవాళ్ల సర్వీసు పుస్తకాలు 25 ఏళ్ల తర్వాత తీసేయడం సైన్యం నియమం. యుద్ధం ముగియగానే లక్షలమందిని అలా ఇంటికి పంపారు కాబట్టి మన తాతల్లో ఎక్కువమందిది అదే గతి. కానీ 'లాంగ్ రోల్' అనే పెద్ద రిజిస్టరు ఒకటి ఉంటుంది. చేరినవాళ్లందరి పేర్లు వరసగా, ఒక్కొక్కరికి ఒక్కో గీతగా రాసింది, దాన్ని తీసేయరు. దరఖాస్తులో ఆ మాట పేరు పెట్టి రాయండి: "సర్వీసు పుస్తకం లేకపోతే లాంగ్ రోల్‌లోని నమోదు నకలు ఇవ్వగలరు." నాలుగో ఉత్తరంలో అలా రాశాక నాకు ఒక వాక్యం వచ్చింది. చేరిన తేదీ, పోయిన తేదీ, తండ్రి పేరు. అంతే. ఆ ఒక్క వాక్యం చట్రం కట్టించి పెట్టుకున్నాం.

పెన్షను వచ్చిన కుటుంబమైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. రెండో యుద్ధం సైనికుల వితంతువుల వివరాలు నమోదై ఉన్నాయి. పాత పెన్షను ఆర్డరు మీది నంబరు దొరికితే ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల కార్యాలయానికి రాయవచ్చు.

పెన్షనూ లేదు, డిశ్చార్జి కాగితమూ లేదు, కానీ సింగపూరు వెళ్లాడని మాత్రం తెలుసు అనుకోండి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయినప్పుడు జపానుకు చిక్కిన భారతీయ సైనికులు 40 వేలకు పైనే. వాళ్లలో చాలామంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. తిరిగొచ్చాక బ్రిటిష్ సైన్యం వాళ్లను జీతం బకాయిలు కూడా ఇవ్వకుండా పంపేసింది. మలయా తోటల్లో, బర్మాలో ఉన్న తెలుగు కూలీలు కూడా ఆ ఫౌజులో చేరారు. ఈ కాగితాలు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్) ఉన్నాయి, వాళ్ల 'అభిలేఖ్ పటల్' వెబ్‌సైటులో చాలావరకు వెతకవచ్చు. 1972 నుంచి ఇస్తున్న స్వాతంత్ర్య సమరయోధుల పెన్షనుకు ఇంట్లో ఎవరైనా దరఖాస్తు పెట్టారేమో కూడా అడగండి. తిరస్కరించిన దరఖాస్తులో సైతం ఆయన స్వయంగా చెప్పుకున్న వివరాలు ఉంటాయి.

యానాం వాళ్లు ఇవన్నీ పక్కన పెట్టండి. 1954 దాకా మీ ఊరు ఫ్రెంచివాళ్లది, మీ తాత వెళ్లింది ఫ్రెంచి సైన్యానికి. ఫ్రాన్సు రక్షణ శాఖ 'మెమ్వార్ దెజ్ ఒమ్' వెబ్‌సైటులో పుట్టిన ఊరితో వెతకండి.

ఊళ్లో దొరికేవి

మొదటి యుద్ధం తర్వాత చాలా ఊళ్లలో "ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, ఇంతమంది ప్రాణాలు ఇచ్చారు" అని పాలరాతి పలకలు పెట్టారు. చావడి గోడ మీదో, పాత బడి గోడ మీదో ఉంటాయి, సున్నం పూతల కింద. పేర్లు ఉండవు, అంకెలే. అయినా మీ ఊరి అంకె మూడు అయితే ఆ మూడు ఇళ్లు వెతకవచ్చు కదా.

భూమి కాగితాలు వదలకండి. యుద్ధం నుంచి వచ్చినవాళ్లకు బంజరు, లంక భూముల్లో పట్టాలు ఇచ్చారు. మీ ఇంటి భూమిలో ఒక చెక్కను 'మిలటరీ భూమి' అని పిలిచే అలవాటు ఉంటే దాని సర్వే నంబరు పట్టుకుని తహసీల్దారు కార్యాలయంలో పాత అడంగలు, డైగ్లాట్ (పాత భూముల సెటిల్‌మెంటు రిజిస్టరు) చూపించమనండి. మాజీ సైనికుడి కింద ఇచ్చిన డి-పట్టా (ప్రభుత్వ భూమికి ఇచ్చే పట్టా) అయితే ఆ ఫైలులో ఆయన సైన్యం వివరాలు ఉంటాయి. 1984లో కరణాల వ్యవస్థ పోయినప్పుడు కొన్ని లెక్కలు కరణాల ఇళ్లలోనే ఉండిపోయాయి. ఆ ఇంటికి ఒక సాయంత్రం వెళ్లి కాఫీ తాగి రండి, ఫలితం లేకపోయినా ఊరి కథలు వస్తాయి.

దళం పేరు, తేదీ దొరికాక ఆ దళం ఆ రోజు ఎక్కడుందో తెలుసుకోవడం మిగిలింది. ప్రతి దళం రోజువారీ యుద్ధ డైరీ రాసేది. లండన్ జాతీయ అభిలేఖాగారంలో మొదటి యుద్ధానివి డబ్ల్యూఓ 95 వరసలో, బర్మా పోరువి డబ్ల్యూఓ 172 వరసలో ఉన్నాయి. వాటిలో సిపాయి పేరు అరుదుగా వస్తుంది. "రాత్రి వాన, వంతెన పూర్తి, ఇద్దరు గాయపడ్డారు" తరహాలో ఉంటాయి. ఆ ఇద్దరిలో మీవాడు ఉన్నాడో లేడో తెలియదు, కానీ ఆ వాన మాత్రం ఆయన మీద కూడా కురిసింది.

దొరికిన ప్రతి వివరం పక్కన అది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో, ఏ తేదీన చూశారో రాసుకోండి. ఇంటి మాటకూ రికార్డుకూ పొసగకపోతే ఏదీ కొట్టేయకండి. వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డులో ఊరి పేరో తండ్రి పేరో తప్పు పడి ఉంటే ఆధారాలు పంపి సరిచేయించవచ్చు, వాళ్లు పరిశీలిస్తారు.

మా ఇంట్లో తద్దినం జ్యేష్ఠ శుద్ధ దశమికి పెడతారు. 1944లో అది జూన్ మొదట్లో వచ్చింది. రికార్డులో తేదీ మే మూడో వారం, అంటే వైశాఖ బహుళం. తంతి అందిన రోజునే తిథిగా పెట్టుకున్నారని అప్పుడు అర్థమైంది. తిథి మార్చుదామా అని మా మేనత్తను అడిగాను. "ఇన్నేళ్లు ఆ రోజే వచ్చి తిని వెళ్లాడు, ఇప్పుడు వేరే రోజు పిలిస్తే ఎలా తెలుస్తుంది?" అంది. పాత తిథే ఉంచాం. ఇంటి పుస్తకంలో రెండు తేదీలూ రాసి, దేని పక్కన దాని ఆధారం రాశాను.